కాశీలో వదిలిన రామములగ

కాశీ వెళ్ళొచ్చి పది రోజులైంది. చూడటానికి వచ్చిన ప్రతివాళ్ళూ ప్రసాదం చేతిలో పడీ పడకముందే అడిగేది ఒకటే, "ఏం వదిలొచ్చావు?" అని. కాశీకి వెళ్ళినవాళ్ళు ఒక కాయనూ ఒక పండునూ అక్కడ వదిలి రావాలని, అదీ నోటికి బాగా ఇష్టమైనదే వదలాలని మా వైపు పట్టింపు. వదిలినదాన్ని బతికున్నన్నాళ్ళూ మళ్ళీ ముట్టకూడదు. "కాయల్లో కాకరకాయ, పళ్ళలో సీతాఫలం" అని నేను చెప్పగానే మా చెల్లెలు పకాలున నవ్వింది. "కాకరకాయ నువ్వెప్పుడు తిన్నావే అక్కా, వదలడానికి? సీతాఫలం జలుబు చేస్తుందని ముట్టుకోక ఇరవై ఏళ్ళయింది. నాయనమ్మ పోలిక ఎక్కడికి పోద్దిలే!" అంది. నేనూ నవ్వాను. అది వెళ్ళాక డాబా మీదికి పోయి టమాటా మొక్కల మధ్య పీట వేసుకుని కూర్చుంటే మాత్రం ఆ నవ్వు నిలవలేదు. నాయనమ్మను తలుచుకుని మా చుట్టాలంతా ఏళ్ళ తరబడి నవ్వుతున్న ఆ నవ్వు ఎంత తప్పో చెల్లెలికి తెలియదు. అసలు సంగతి బయటపడిన నాటికి అది ఉయ్యాల్లో ఉంది.

అప్పుడు మేము నరసరావుపేటలో, కోర్టుకు నాలుగు వీధుల అవతల, నాపరాళ్ళు పరిచిన డాబా ఇంట్లో ఉండేవాళ్ళం. నాన్న ఒక వకీలు దగ్గర గుమాస్తా. ఆ వకీలుగారు కోర్టులో వాదించింది ఎంతో నాకు తెలియదు కానీ నాన్న ఇంట్లో వాదించింది మాత్రం కొండంత. కూరలో ఉప్పు తగ్గితే ఫిర్యాదు. స్నానానికి నీళ్ళు కాగడం ఆలస్యమైతే వాయిదా. నేను ఇంకు సీసా పగలగొడితే సాక్షుల విచారణ, ఆ సాక్షి కూడా నేనే. అమ్మ ఇదంతా వినీ విననట్టు బియ్యంలో రాళ్ళు ఏరుకునేది. తీర్పు చెప్పేది మాత్రం వసారాలో నులకమంచం మీద కూర్చున్న నాయనమ్మ. "ఒరేయ్, ఇక చాల్లే ఆపు" అని ఆమె అంటే కోర్టు లేచిపోయినట్టే. సన్నగా, పొడుగ్గా, నిటారుగా ఉండే మనిషి. ఆకూ వక్కా సంచీ, ఇత్తడి సున్నపుకాయ ఎప్పుడూ ఒళ్ళోనే ఉండేవి. తెల్లారేసరికి మా ఇంట్లో మూడు వాసనలు లేచేవి: కుంపట్లో రాజుకునే బొగ్గులు, తడి చీపురు ఊడ్చిన నాపరాయి, నాయనమ్మ నమిలే తొలి తమలపాకు. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ ఇప్పుడు మా ఇంట్లో లేదు.

తాతయ్య పోయిన ఏడాది ఆమె ఆయన అస్థికలు తీసుకుని నాన్నతో కాశీ వెళ్ళింది. తిరిగొచ్చాక ఏం వదిలావని అందరూ అడిగితే, "రామములగ" అంది. టమాటాను ఆమె ఈడువాళ్ళు అలాగే అనేవాళ్ళు. అది కాయ కదా, మరి పండు మాటేమిటని అడిగితే, "కాయా అదే, పండూ అదే. పచ్చిగుంటే కాయ, ముగ్గితే పండు" అని చెప్పి ఆకుకు సున్నం రాసుకుంది. విన్నవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారట. ఎందుకంటే నాదెండ్ల దగ్గర మా తాతయ్య వాళ్ళ ఊళ్ళో, ఆ ఇంట్లో, టమాటా గడప దాటి ఎరగదు. నాయనమ్మ అత్తగారు నీచు తగలనివ్వని నిష్ఠాపరురాలు. తెల్లోళ్ళ సీమ నుంచి వచ్చిన కాయ, పైగా కోస్తే లోపల నెత్తురు రంగు, అది నా వంటింట్లోకి రావడానికి వీల్లేదని శాసించిన మనిషి. "పుట్టి బుద్ధెరిగి తిననిదాన్ని వదిలింది, అదీ ఒక్కదాంతో రెండూ సరిపెట్టింది. విశ్వనాథుడికే టోపీ పెట్టొచ్చింది మా అమ్మ" అని నాన్న ప్రతి పెళ్ళిలోనూ చెప్పేవాడు. నాయనమ్మ కాదనేది కాదు, కోపగించుకునేదీ కాదు. పేటకు వచ్చాక అమ్మ వారానికి రెండుసార్లు టమాటా పప్పు చేసినా, ఆమె మాత్రం చింతకాయ పచ్చడితో ముగించి లేచేది.

మా పక్కింట్లో మస్తాన్ మామ ఉండేవాడు. చుట్టరికం ఏమీ లేదు, గోడ ఒక్కటే మాకూ వాళ్ళకూ. పొలాల్లో మోటార్లు బాగుచేసే మెకానిక్కు. సొంతూరు వినుకొండ పక్కన. ఒక సాయంత్రం ఆయనా నాన్నా డాబా మీద పిట్టగోడకు చేరగిలబడి మాట్లాడుకుంటుంటే మాట మట్టి మీదికి పోయింది.

"మా ఎర్రమట్టిలో కాసిన టమాటా రుచి మీ నల్లరేగడికి ఏడొచ్చుద్ది బావా?" అన్నాడు మామ.

"ఏందిరా మీ మట్టి? గులకరాళ్ళు కదా కాసేది అందులో! మా రేగడి గుప్పెడు తెచ్చి ఎండుపుల్ల గుచ్చు, చిగురేస్తది."

"అయితే పందెం."

"పందెం కాదు, దావా. ఓడినోడు మీసం తీసెయ్యాల" అన్నాడు నాన్న.

పల్నాటి మగవాడికి మీసం తియ్యమనడం ఎంత పెద్ద మాటో వేరే చెప్పక్కర్లేదు. మాకు పెరడు లేదు కాబట్టి దావా డాబా మీదనే నడపాలని తీర్మానించారు. పగిలిన కుండలు, మూత పోయిన నూనె డబ్బాలు, లారీ టైరు సగం, అమ్మ పారేయమన్న కుడితి గోలెం, అన్నీ మెట్లెక్కాయి. మామ మోటారు బాగుచేయడానికి ఏ ఊరు పోతే ఆ ఊరి మట్టి సైకిలు వెనక గోతంలో కట్టుకొచ్చేవాడు. నాన్న తెల్లరంగుతో ప్రతి కుండకూ కేసు నంబరు వేశాడు. విత్తనాలు రెండు రకాలు. ఒకటి నాటుది, గుమ్మడికాయకు ఉన్నట్టు చుట్టూ గాడులుండి, పులుపు దవడలు పట్టేసే రకం. రెండోది అప్పుడప్పుడే మా వైపు వస్తున్న హైబ్రిడ్. మస్తాన్ మామ విత్తనాల కొట్టు నుంచి తెచ్చిన పొట్లం మీద దాని బొమ్మ గుండ్రంగా, నున్నగా, అద్దంలా ఉండేది. ప్రతి మట్టిలోనూ రెండూ వేయాలని షరతు.

ఇక ఆ మట్టుల కథ చెప్పాలంటే ఒక పూట చాలదు. నాన్న నల్లరేగడి నీళ్ళు తాగి ఉబ్బి కుండను రెండు ముక్కలు చేసింది, ఎండితే వేలు పట్టేంత నెర్రెలిచ్చింది. "ఇదంతా ఎదుటి పార్టీ కుట్ర" అన్నాడు నాన్న. మామ ఎర్రమట్టిలో పైన పోసిన చెంబుడు నీళ్ళు కిందనుంచి చెంబుడూ వచ్చేసేవి, మొక్క నాలుక తడుపుకునే లోపలే. అప్పుడు ఇద్దరికీ తెలివి పెరిగి కొత్త ప్రయోగాలకు దిగారు. వేరుశెనగ పొట్టు కలిపితే ఉడతలు వచ్చి ఒక్క గింజైనా దొరకదా అని కుండలన్నీ తవ్విపోశాయి. పచ్చి పేడ వేస్తే లోపల వేడెక్కి నారు మాడిపోయింది. అన్నింటికన్నా ఘనమైంది పత్తి మిల్లు చెత్త. నాన్న రెండు బస్తాలు తెప్పించి గోలెం నిండా కూరాడు. వారం తిరగకుండా అందులో బలంగా, కోలగా మొలకలు లేచాయి. "చూశావా, ఇదీ జాతంటే! మిగతావన్నీ ఏడ్చుకుంటూ లేస్తే ఇయ్యి నవ్వుకుంటా లేచినయ్యి" అని వీధి వీధంతా పిలిచి చూపించాడు. పదిహేను రోజులు రోజూ నీళ్ళు పోశాడు. నాయనమ్మ ఒకనాడు మెట్లెక్కి వచ్చి, ఒక ఆకు తుంచి, వేళ్ళ మధ్య నలిపి వాసన చూసి, "ఒరేయ్, ఇది పత్తి మొక్కరా" అంది. చెత్తలో మిగిలిన పత్తి గింజలు మొలిచాయి, నాన్న వేసిన టమాటా విత్తనం ఎప్పుడో కుళ్ళిపోయింది. నాదెండ్ల రైతు కొడుకు పత్తి మొక్కను టమాటా అనుకున్నాడన్న మాట కోర్టు దాకా పాకింది. నాన్న రెండు రోజులు సెలవు పెట్టాడు.

ఆ రోజు నుంచి నాయనమ్మ డాబా ఎక్కడం మొదలుపెట్టింది. "మీ వాదాలకు మొక్కలు చచ్చిపోతన్నయ్యి" అని, మూతి విరిగిన కాగు ఒకటి తీసుకుని అందులో మూడు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు రేగడి, బాగా మాగిన గొర్రె పెంట, కుంపట్లో బూడిద, ఇన్ని ఎండుటాకులు వేసి పిసికి నాతో తొక్కించింది. నాటు విత్తనం వేసింది. మొక్క మోకాలెత్తుకు రాగానే కొమ్మల పంగల్లో వచ్చే పిలకలను గోటితో టక్కున తుంచేసేది. "ఎందుకు తుంచేస్తన్నావ్ నాయనమ్మా?" అంటే, "ఇంట్లో తినేవాళ్ళు ఎక్కువైతే పెద్దకొడుక్కి చాలదే పిల్లా" అనేది. కాయలు దిగాక అందరి కుండల్లోనూ కాయ అడుగున నల్లటి మచ్చ వచ్చి కుళ్ళడం మొదలైంది, ఆమె కాగులో తప్ప. నాన్న, మామ చేతులు వెనక్కి కట్టుకుని ఆ కాగు చుట్టూ తిరిగేవాళ్ళు. నేను కనిపెట్టాను. రోజూ సాయంత్రం ఆమె సున్నపుకాయ కడిగి ఆ నీళ్ళు కాగులో మొక్క మొదట్లో పోసేది. అడిగితే, "గోడలకు సున్నమేసి బిందె కడిగిన చోట మొలిచిన మొక్కకు మచ్చ రాదే" అంది. నిజమే. పుట్టి బుద్ధెరిగి టమాటా ముట్టని మనిషికి ఇదంతా ఎలా తెలుసని మాకు ఎవరికీ తోచలేదు. ఇంటి నిండా సాక్ష్యాలే, గుమాస్తాగారికి ఒక్కటీ కనపడలేదు.

మొత్తానికి దావాలో ఇద్దరూ ఓడిపోయారు. మంగలిని పిలిపించమంటారా అని అమ్మ నవ్వకుండా అడిగింది. "మీసాలుంచుకోండిరా, రేపటి నుంచి నా కాగులకు మట్టి మొయ్యండి" అని నాయనమ్మ తీర్పు చెప్పింది. ఆమె కాగులు పదయ్యాయి. నాటువి సగం, హైబ్రిడ్‌వి సగం. వీధిలో మా ఇంటి టమాటా తినని ఇల్లు లేదు. ఆమె తప్ప అందరూ తిన్నారు.

ఆ చలికాలంలోనే ఆమెకు జ్వరం తగిలింది. పన్నెండు రోజులు విడవకుండా కాసి తగ్గింది. జ్వరం పోయింది గానీ నోరు చచ్చిపోయింది. గంజి పెడితే రెండు గుటకలు, జావ పెడితే ఒకటి. రొట్టె పాలల్లో ముంచి పెడితే ఉమ్మేసింది. నిటారు మనిషి మంచంలో గుప్పెడైంది. డాక్టరు చూసి, "రోగం లేదు, తినాలంతే. తినకపోతే మాత్రం నేను చేసేదేం లేదు" అని నాన్నను బయటికి తీసుకెళ్ళి చెప్పాడు. నాన్న లోపలికి వచ్చి ఎవరి మీదా ఏ కేసూ పెట్టలేదు. ఆ సాయంత్రం కూరలో ఉప్పే లేదు, మాట్లాడకుండా తిని లేచాడు. నాకు భయమేసింది. నాన్న నోరు మూసుకున్నాడంటే నాయనమ్మ చచ్చిపోతుందని అర్థం చేసుకున్నాను.

మర్నాడు అమ్మ వసారాలో కుంపటి పెట్టి, పచ్చడికని టమాటాలు కాలుస్తోంది. తొక్క చిట్లి, రసం బొగ్గుల మీద పడి చుయ్యిమంది. నాలుగు రోజులుగా గోడవైపు తిరిగి పడుకున్న నాయనమ్మ ఇటు తిరిగింది.

"ఏమే, ఏం కాలుస్తన్నావు? నాటుదేనా?"

అమ్మ చేతిలో పట్టకారు ఆగిపోయింది. "నాటుదే అత్తయ్యా. కాస్త పెట్టమంటారా?"

నాయనమ్మ కళ్ళు మూసుకుని ముక్కుతో గాలి పీల్చుకుంది. గుటక పడటం నేను కళ్ళారా చూశాను.

అమ్మ ఈ సంగతి చెప్పగానే నాన్నకు ప్రాణం లేచొచ్చింది. ఆ మధ్యాహ్నం ఠావు కాయితం మీద పాయింట్లు రాసుకుని, గోడ మీదుగా మస్తాన్ మామను పిలిచి, మంచం పక్కన చాప వేసుకుని కూర్చున్నాడు. ఆయన జీవితంలో అంత శ్రద్ధగా వాదించిన కేసు ఇంకోటి ఉండదు.

"అమ్మా, కాశీలో నువ్వు దాఖలు చేసింది రామములగ. ఇదుగో, నా చేతిలో ఉన్నది హైబ్రిడ్ టమాటా. పేరు వేరు, జాతి వేరు, రూపం వేరు. నువ్వు కాశీ పోయిన నాటికి ఈ జాతి మన ఊళ్ళోకి రానేలేదు. లేనిదాని మీద ఒట్టు చెల్లదు."

"నా సాక్ష్యం కూడా రాసుకో బావా" అన్నాడు మామ. "పెద్దమ్మా, విత్తనం తెచ్చింది నేను. పొట్లం మీద టమాటా అనుంది. రామములగ అన్న మాట యాడా లేదు. కావాలంటే పొట్లం తెస్తా."

నాయనమ్మ పెదవి కొంచెం వంకర తిరిగింది. అది నవ్వే. నాన్నకు ఉత్సాహం వచ్చి చివరి పాయింటు తీశాడు. "ఇంకో సంగతి. ఆస్తి మన పేరు మీద ఉంటేనే కదా దానం ఇచ్చేది! నువ్వు జన్మలో తినని కాయ నువ్వెట్టా వదులుతావు? ఆ ఒట్టు మొదటి రోజే కొట్టేసినట్టు లెక్క. ఇక తిను."

నాయనమ్మ నాన్న వైపు తల తిప్పింది.

"ఎవరు చెప్పార్రా నేను తినలేదని?"

 నేను అమ్మ కొంగు పట్టుకున్నాను.

"మీ నాయన బండి కట్టుకుని పేటకు పత్తి తోలినప్పుడల్లా తువ్వాలలో మూటగట్టి తెచ్చేవాడు. మా అత్త కంట పడకుండా గొడ్లసావిట్లో గాటి పక్కన పెట్టేవాడు. గొడ్లకు కుడితి పెట్టే వంకన పోయి, కొంగున ఉప్పు కట్టుకుపోయి, నిలబడే తినేదాన్ని. ఆయన గుమ్మంలో కాపలా. అత్త వస్తంటే దగ్గేవాడు. గింజలు ఊసిన చోట పెంటదిబ్బ మీద మొక్కలు మొలిస్తే పిచ్చి మొక్కలని చెప్పి పెంచుకున్నా. ముప్పై ఏళ్ళు తిన్నా. మా అత్త పోయాక కూడా సావిట్లోనే తిన్నా, ఇంట్లో తింటే ఆ రుచి రాలా." ఆయాసం తీర్చుకుని మళ్ళీ అంది. "గంగలో ఆయన్ను కలిపేశాక, నీకు చానా ఇష్టమైంది ఏందో చెప్పమ్మా, వదలాలన్నాడు ఆ బాపనయ్య. తెచ్చేవాడే లేడు, ఇంకేం మిగిలింది? అదే చెప్పా. కాయా అదే, పండూ అదే. నాకు ఇంకోటి లేదురా."

నాన్న కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. ప్రతి పెళ్ళిలోనూ ఆమెను దొంగను చేసి నవ్వించిన మనిషి తల ఎత్తలేకపోయాడు. మస్తాన్ మామ తువ్వాలతో మొహం తుడుచుకుని, చెమట పట్టిందన్నాడు, ఆ చలిలో. అప్పుడు నాయనమ్మే మంచం పట్టె పట్టుకుని లేచి కూర్చుంది.

"సరే, మీ దావా విన్నా, ఇక నా తీర్పు వినండి. కాశీలో తినడం వదిలినా గానీ, వాసన వదల్లా. ఏమే, కుంపటి ఇట్టా మంచం కాడికి లాగు. నాలుగు నాటు కాయలు కాల్చు. నాకు గిన్నెలో మజ్జిగ అన్నం పెట్టు."

అమ్మ ఒక చేత్తో కళ్ళు తుడుచుకుంటూ ఒక చేత్తో కాల్చింది. కాయ చిట్లినప్పుడల్లా నాయనమ్మ గట్టిగా గాలి పీల్చి, ఒక ముద్ద తినేది. ఇంకో కాయ, ఇంకో ముద్ద. గిన్నె ఖాళీ అయింది. "మారు పెట్టవే" అంది. నాన్న అప్పటికి తల ఎత్తి, "అమ్మా, నీ మీద అప్పీలు లేదు" అన్నాడు. అలా ఇరవై రోజులు, రోజుకు రెండు పూటలా, కుంపటి ఆమె మంచం పక్కనే ఉంది. కాల్చిన కాయలు మేము తిన్నాం, ఒళ్ళు ఆమెకు వచ్చింది. ఆ తర్వాత ఆమె చాలా ఏళ్ళు బతికింది. టమాటా మాత్రం ఒక్కటి ముట్టలేదు. జరిగింది బయట ఎవరికీ చెప్పొద్దని మా దగ్గర మాట తీసుకుంది. "టోపీ పెట్టాననే అనుకోనీరా. మా అత్త ఏ లోకాన ఉందో, వినిందంటే మళ్ళీ రచ్చ" అంది. అందుకే చుట్టాల్లో ఆ జోకు ఈనాటికీ తిరుగుతోంది, చెల్లెలి దాకా వచ్చింది.

ఇప్పుడు నా డాబా మీద ముప్పై సంచులున్నాయి. కొబ్బరి పొట్టు ఇటుకల్లాగా అట్టపెట్టెలో ఇంటికి వస్తుంది, నీళ్ళు పోస్తే పొంగుతుంది, అందులో వానపాముల ఎరువు కలుపుతాను. పసుప్పచ్చవి, నల్లవి, ద్రాక్షగుత్తుల్లా వేలాడేవి, ఎనిమిది రకాలు. మేడ తోటల వాట్సాప్ గ్రూపులో రోజూ ఫొటోలు పెడతాను, అందరూ చప్పట్లు కొడతారు. మట్టి అంటకుండా, కుండ పగలకుండా, ఉడత రాకుండా, ఎవరి మీసానికీ ప్రమాదం లేకుండా కాస్తున్నాయి. చూడముచ్చటగా ఉంటాయి. నలిపినా వాసన సరిగా రాదు. ఒక్క మూతి విరిగిన కాగు మాత్రం మూలన ఉంచుకున్నాను. అందులో నాటు మొక్క ఉంది, దాని మొదట్లో చిటికెడు సున్నం ఉంది. గాడుల కాయ ముగ్గిందంటే, మోకాళ్ళ నొప్పులతోనే మెట్లెక్కి, కొంగున ఉప్పు కట్టుకుని, నీళ్ళ ట్యాంకు చాటున నిలబడి తింటాను. అడ్డుపడే అత్తగారు నాకు ఎప్పుడూ లేదు. అయినా చాటునే తింటాను.

మొన్న కాశీ రైల్లో రెండు రాత్రులూ గట్టిగా అనుకున్నాను, నాయనమ్మ చెప్పినదే నేనూ చెప్పాలని. గంగలో మూడు మునకలు వేసి, తడి చీరతో ఒడ్డున కూర్చున్నాను. మీకు బాగా ఇష్టమైనదేదో చెప్పండమ్మా అని పంతులుగారు అడిగారు. 'ట' అన్న అక్షరం నాలుక చివరిదాకా వచ్చింది. కాకరకాయ అన్నాను.